కారు కొనేముందు ఒకసారి వెనక సీటులో కూర్చోండి

రక్తపోటు గురించీ, మధుమేహం గురించీ రాసుకునే విశ్రాంత వైద్యుడికి కార్ల బేరంతో ఏం పని అని మీకు అనిపించవచ్చు. పని ఉంది. అదేమిటో చెప్పడానికి పదమూడేళ్ల క్రితం నేను చేసిన ఒక తప్పు చెప్పాలి. దానికంటే ముందు ఈ ఏడాది మా ఇంట జరిగిన చర్చ చెప్పాలి.

2025 సెప్టెంబరు 22 నుంచి చిన్న కార్ల మీద జీఎస్టీ 18 శాతానికి దిగింది. నాలుగు మీటర్ల లోపు పొడవు, పెట్రోలు అయితే 1200 సీసీ లోపు ఇంజన్ ఉన్న బండ్లకు ఈ రాయితీ వర్తిస్తుంది. ఆ దసరా నుంచి మా కోటవురట్ల ఇంట్లో కారు తప్ప వేరే మాట లేదు. పాతది ముసలిదైపోయింది. మా ఆవిడను రెండు నెలలకొకసారి విశాఖపట్నం పరీక్షలకు తీసుకువెళ్లాలి. అడ్డురోడ్డు దగ్గర జాతీయ రహదారి ఎక్కి, యలమంచిలి, అనకాపల్లి మీదుగా పోయే ఆ రెండు గంటల ప్రయాణానికి నమ్మకమైన బండి కావాలి. పండుగలకు కొడుకు, కోడలు, మనవరాలు హైదరాబాదు నుంచి వస్తే అందరమూ కలిసి కూర్చోవాలి. సామాన్లకు విడిగా డిక్కీ ఉండాలి కనుక సెడాన్ అనే మాటలో భేదాభిప్రాయం రాలేదు. ఏ ఇంజన్, ఏ వేరియంట్ అన్న దగ్గర ఇల్లు నాలుగు పక్షాలుగా చీలింది.

మావాడిది ఇంజన్ పక్షం. "నాన్నగారూ, హైవే మీద లారీని దాటాలంటే బండిలో సత్తా ఉండాలి. సత్తా లేని బండితో దాటడమే ప్రమాదం" అన్నాడు. అందులో నిజం లేకపోలేదు. మారుతి డిజైర్‌లోని 1.2 లీటర్ల పెట్రోలు ఇంజన్ గరిష్ఠ టార్క్, అంటే చక్రాన్ని తిప్పే బలం, సుమారు 112 న్యూటన్ మీటర్లు. అదీ ఇంజన్ నిమిషానికి 4300 చుట్లు తిరిగినప్పుడు. ఫోక్స్‌వాగన్ వర్టస్‌లోని ఒక లీటరు టర్బో ఇంజన్ 178 న్యూటన్ మీటర్లను 1750 చుట్ల దగ్గరే అందిస్తుంది. దాని 1.5 లీటర్ల టర్బో 250 ఇస్తుంది. హ్యుందాయ్ వెర్నాలో మామూలు 1.5 ఇంజన్‌కు 144 ఉంటే టర్బోకు 253. కాగితం మీది ఈ అంకెలకు అర్థం ఏమిటో నర్సీపట్నం దాటి లంబసింగి ఘాట్ ఎక్కేటప్పుడు తెలుస్తుంది. ఐదుగురు మనుషులు, ఏసీ, డిక్కీ నిండా సామాను ఉంటే చిన్న ఇంజన్ మలుపు మలుపుకూ ఆయాసపడుతుంది. గుండె జబ్బు ఉన్నవారు మెట్లు ఎక్కినట్టే అనుకోండి. అయితే లంబసింగికి మేము ఏడాదికి ఎన్నిసార్లు వెళతాం? మంచు చూడటానికి ఒకసారి. మిగిలిన రోజులన్నీ నర్సీపట్నం బజారు, పెళ్లిళ్లు, ఆసుపత్రి. పైగా ఆ టర్బో బండ్లు నాలుగు మీటర్లు మించినవి. వాటి మీద పన్ను 40 శాతం.

మా బావమరిదిది డీజిల్ పక్షం. "బావగారూ, మనం ఎప్పుడూ డీజిలే కదా వాడాం" అన్నది ఆయన వాదన. మారుతి సంస్థ 2020 ఏప్రిల్‌లోనే డీజిల్ మానేసింది. తరువాత హోండా, హ్యుందాయ్ సెడాన్లలోనూ అది పోయింది. కనుక డీజిల్ సెడాన్ అంటే పాతబండి వెతుక్కోవాలి. ఇక్కడ వైద్యుడిగా ఒక మాట చెప్పక తప్పదు. డీజిల్ పొగ మనుషుల్లో క్యాన్సర్ కలిగిస్తుందని ప్రపంచ ఆరోగ్య సంస్థకు చెందిన క్యాన్సర్ పరిశోధన విభాగం 2012లోనే నిర్ధారించింది. బీఎస్ 6 డీజిల్ బండ్లలో ఆ మసిని పట్టే జల్లెడ ఉంటుంది నిజమే. కానీ ఆ మసి కాలిపోవాలంటే బండి కొంతసేపు ఆగకుండా వేగంగా నడవాలి. రోజూ నాలుగు కిలోమీటర్లు తిరిగి ఇంటికి చేరే మా వంటివారి చేతిలో ఆ జల్లెడ మూసుకుపోవడమే జరుగుతుంది.

కోడలిది టాప్ మోడల్ పక్షం. పన్ను తగ్గి మిగిలిన డబ్బుతో ఒక మెట్టు పైకి వెళ్లవచ్చు కదా, సన్‌రూఫ్ వస్తుంది, పాప ముచ్చట పడుతుంది అన్నది. మన ఎండల్లో కప్పుకు కిటికీ ఎందుకో నాకు ఈనాటికీ బోధపడలేదు గాని, నా భయం వేరు. నడుస్తున్న బండి కప్పులోంచి తల బయటపెట్టి నిలబడిన పిల్లలను మీరూ చూసే ఉంటారు. ఒక్క బ్రేకు చాలు, ఆ మెడకు కప్పు అంచు తగలడానికి.

నాలుగో పక్షం మా ఆవిడది. ఆమె చర్చలో ఒక్క మాటే అన్నారు. "ఏదైనా కొనండి. దిగేటప్పుడు నా చెయ్యి పట్టుకుని లాగాల్సిన అవసరం లేనిది చూడండి."

నేను మాత్రం చాలా రోజులు ఏమీ అనలేదు. కారణం ఇప్పుడు చెబుతాను.

2013లో నేను మా పాత కారు కొన్నాను. ఏ కంపెనీదన్నది ఇక్కడ అనవసరం. తప్పు కంపెనీది కాదు, నాది. ఆ రోజుల్లో ఎయిర్ బ్యాగులు, ఏబీఎస్ బ్రేకులు పై వేరియంట్లలోనే ఇచ్చేవారు. కింది వేరియంట్‌కు, వాటికి తేడా అప్పట్లో నాకు బరువుగా తోచింది. నెమ్మదిగా నడిపేవాడిని, నాకెందుకు అనుకున్నాను. కింది వేరియంట్ తీసుకుని, మిగిలిన డబ్బులో కొంత పెట్టి తోలు సీటు కవర్లు, మంచి మ్యూజిక్ సిస్టమ్ వేయించాను. కవర్లు కుట్టిన కుర్రాడు వెనక సీటు బెల్టుల కొక్కేలను లోపలికి తోసేసి, పైన బిగుతుగా తొడిగాడు. "చూడ్డానికి నీటుగా ఉంటుందండీ" అన్నాడు. బాగుందనే అన్నాను.

2016లో ఒక పెళ్లి నుంచి తిరిగి వస్తున్నాం. మా అమ్మకు అప్పుడు డెబ్భై ఎనిమిదేళ్లు. వెనక సీటు మధ్యలో కూర్చుంది. అడ్డురోడ్డు దాటి మా ఊరి దారి పట్టాక చీకట్లో ఒక గేదె అడ్డం వచ్చింది. గట్టిగా బ్రేకు తొక్కాను. చక్రాలు బిగుసుకుపోయాయి. స్టీరింగు తిప్పినా బండి తిరగలేదు. జారుకుంటూ పోయి కల్వర్టు గోడకు తగిలి ఆగింది. వేగం ముప్పై కూడా ఉండదు. దిగి చూస్తే బంపరుకు చిన్న సొట్ట, అంతే. గేదె తన దారిన తాను పోయింది. లోపల మా అమ్మ రెండు సీట్ల మధ్య సందులోకి జారి పడి ఉంది. తుంటి ఎముక విరిగింది.

శస్త్రచికిత్స బాగానే జరిగింది. కానీ ఆమె మళ్లీ సొంతంగా నడవలేదు. మంచం, వీపు మీద పుండ్లు, చివరికి న్యుమోనియా. వృద్ధులకు తుంటి విరిగితే ఏమవుతుందో వందల కుటుంబాలకు వివరించినవాడిని. మా ఇంట్లోనే పద్నాలుగు నెలలు అది చూశాను. ఏబీఎస్ ఉంటే బ్రేకు వేసినా చక్రం బిగుసుకోదు, బండిని పక్కకు తప్పించే వీలుంటుంది. బెల్టు ఉంటే ఆమె సీటులోనే ఉండేది. ఒకదాన్ని నేను కొనలేదు. రెండోదాన్ని కొని కవరు కింద కప్పేశాను.

ఈ సంగతి ఇంట్లో చెప్పడం నాకు ఇష్టం ఉండదు. ఈసారి చెప్పాను. తరువాత చర్చ తీరు మారింది.

వెనక కూర్చున్నవారికి ముందు సీటే రక్షణ అన్న భ్రమ మనలో గట్టిగా ఉంది. కేంద్ర రవాణా మంత్రిత్వ శాఖ లెక్కల ప్రకారం 2022లో సీటు బెల్టు పెట్టుకోక మరణించినవారు 16,715 మంది. వారిలో డ్రైవర్లు 8,384, ప్రయాణికులు 8,331. అంటే ఇంచుమించు సగం సగం. అదే ఏడాది సెప్టెంబరు 4న మహారాష్ట్రలోని పాల్ఘర్ దగ్గర జరిగిన ప్రమాదంలో పారిశ్రామికవేత్త సైరస్ మిస్త్రీ మరణించిన సంగతి మీకు గుర్తుండే ఉంటుంది. అది ఖరీదైన జర్మనీ కారు. ముందు సీట్లలోని ఇద్దరూ గాయాలతో బతికారు. వెనక ఇద్దరూ పోయారు. వెనక ఉన్నవారు బెల్టు పెట్టుకోలేదని పోలీసులు చెప్పారు. పసిపిల్లను ఒళ్లో పట్టుకుంటే చాలనుకునే తల్లులకు ఒక లెక్క చెబుతాను. గంటకు యాభై కిలోమీటర్ల వేగంతో వెళ్లే బండి క్షణంలో పదో వంతులో ఆగిపోతే, పది కిలోల బిడ్డ వంద కిలోలకు పైగా బరువై చేతుల్లోంచి దూసుకుపోతుంది. ఆ బరువును పట్టగల చేతులు ఎవరికీ లేవు.

అదృష్టవశాత్తు ఈ పదమూడేళ్లలో చట్టం మారింది. ఏబీఎస్ 2019 ఏప్రిల్ నుంచి అన్ని కొత్త కార్లకూ తప్పనిసరి అయింది. 2024 నవంబరులో వచ్చిన కొత్త డిజైర్‌లో, ఆ డిసెంబరులో వచ్చిన హోండా అమేజ్‌లో కింది వేరియంట్‌కు కూడా ఆరు ఎయిర్ బ్యాగులు ఉన్నాయి. గ్లోబల్ ఎన్‌క్యాప్ పరీక్షలో డిజైర్‌కు పెద్దల రక్షణకు ఐదు నక్షత్రాలు, పిల్లల రక్షణకు నాలుగు వచ్చాయి. అయితే ఆ పరీక్షలో బండిని ఢీకొట్టించేది గంటకు 64 కిలోమీటర్ల వేగంతో, అదీ లోపలి బొమ్మలకు బెల్టు పెట్టి. మనం వందలో వెళుతూ బెల్టు లేకుండా కూర్చుని ఆ నక్షత్రాలను నమ్ముకుంటే ఎలా?

కనుక ప్రాణరక్షణ కోసం టాప్ మోడల్‌కు పోవలసిన అవసరం నాకు కనిపించలేదు. అలాగని అన్నిటికంటే కిందిది కూడా వద్దనుకున్నాను. దానికి కారణం నా ఎడమ మోకాలు. ఊళ్లో రద్దీలో వందసార్లు క్లచ్ తొక్కి వచ్చిన రాత్రి అది నన్ను నిద్రపోనివ్వదు. అరిగిన మోకాలితో క్లచ్ మీద పట్టు తప్పితే ప్రమాదం నా ఒక్కడిది కాదు. కాబట్టి ఆటోమేటిక్ కావాలి. డిజైర్‌లో అది మధ్య వేరియంట్ నుంచి మొదలవుతుంది. మైలేజీ పోతుందేమో అనుకున్నాం. కంపెనీ చెప్పే లెక్కలో మాన్యువల్‌కు 24.79, ఆటోమేటిక్‌కు 25.71 కిలోమీటర్లు. ఇది చౌక రకం ఆటోమేటిక్, గేరు మారేటప్పుడు చిన్న కుదుపు ఉంటుంది. కడుపులో తిప్పే వారికి ఘాట్ రోడ్డు మీద అది నచ్చదు. మెత్తగా నడవాలంటే అమేజ్‌లోని సీవీటీ మేలు. సీఎన్‌జీ చవక అన్నారు గాని, డిజైర్‌లో సీఎన్‌జీకి ఆటోమేటిక్ లేదు. పైగా సిలిండరు డిక్కీని తినేస్తుంది. రేపు మా ఆవిడకు వాకర్ అవసరమైతే ఎక్కడ పెట్టాలి?

షోరూమ్‌లో మేము గడిపిన గంటన్నరలో బానెట్ ఎత్తించింది ఐదు నిమిషాలు. మిగిలిన సమయమంతా మా ఆవిడను వెనక కూర్చోబెట్టి, దింపి, మళ్లీ కూర్చోబెట్టడమే. సేల్స్ కుర్రాడు మొదట విసుక్కున్నాడు, తరువాత తానే తలుపు పట్టుకున్నాడు. సెడాన్ సీటు నేలకు దగ్గరగా ఉంటుంది. మోకాళ్ల నొప్పి ఉన్నవారికి ఇదే దాని పెద్ద లోపం. ఒక కాలు లోపల పెట్టి వంగి దూరితే బరువంతా ఒక్క మోకాలి మీద పడుతుంది. ముందుగా వీపు బండివైపు పెట్టి, సీటు అంచున కూర్చుని, తరువాత రెండు కాళ్లూ కలిపి లోపలికి తిప్పుకోవాలి. దిగేటప్పుడు దీనికి తిరగలి పద్ధతి. ఇలా చేస్తే ఆమెకు ఒక బండి సరిపోయింది, మరొకటి సరిపోలేదు. మీ ఇంటి మోకాళ్లకు ఏది సరిపోతుందో ఏ ప్రకటనా చెప్పదు, ఆ మోకాళ్లను అక్కడికి తీసుకువెళ్లాల్సిందే. వెనక తల ఆనించే దిండు పైకి జరుగుతుందో లేదో చూడండి. అది చెవుల ఎత్తుకు రాకపోతే వెనకనుంచి ఎవరైనా గుద్దినప్పుడు మెడ పుటుక్కుమంటుంది. మధ్య సీటుకు కూడా మూడు చోట్ల బిగించే బెల్టు ఉందో లేదో చూడండి. మా అమ్మ కూర్చున్నది అక్కడే.

చివరకు డిజైర్ మధ్య వేరియంట్, పెట్రోలు, ఆటోమేటిక్ తీసుకున్నాం. ఇది మీకు సిఫారసు కాదు, మీ ఇంటి లెక్క వేరు కావచ్చు. రోజూ హైవే మీద నిండు బండితో తిరిగే కుటుంబమైతే మావాడి టర్బో వాదనకే నేను ఓటు వేసేవాడిని. మిగిలిన డబ్బుతో మనవరాలికి ఐసోఫిక్స్ కొక్కేలకు బిగించే పిల్లల సీటు కొన్నాం. సన్‌రూఫ్ లేదని పాప రెండు రోజులు అలిగింది.

బండి ఇచ్చేరోజు షోరూమ్‌వారు సీటు కవర్లు, ముందు ఇనప గార్డు వేయించుకోమన్నారు. రెండూ వద్దన్నాను. ఇప్పటి కార్లలో పక్క ఎయిర్ బ్యాగులు ముందు సీట్ల అంచు కుట్టు చీల్చుకుని బయటికి రావాలి. మందపు కవరు తొడిగితే అవి సరిగ్గా విచ్చుకోవు. ముందు గార్డు, ఢీకొన్న దెబ్బ తీరును మార్చి ఎయిర్ బ్యాగులను తప్పుదారి పట్టిస్తుంది. అందుకే కేంద్రం 2017 డిసెంబరులోనే వాటిని వద్దంది. గుడి దగ్గర నిమ్మకాయలు తొక్కించి ఇంటికి తెచ్చాం. మా ఆవిడ వెనక కూర్చుని, అడగకుండానే బెల్టు లాగి పెట్టుకున్నారు.

పాత కారును అమ్మేముందు దాని సీటు కవర్లు నేనే విప్పాను. వెనక బెల్టుల కొక్కేలకు ఫ్యాక్టరీలో చుట్టిన ప్లాస్టిక్ కాగితం ఇంకా అలాగే ఉంది.