కొత్త కార్డు, పాత తీగ, అమ్మ ఆవకాయ

మొన్నామధ్య ఇంట్లోకి నెట్‌వర్క్ కార్డు కొన్నాను. ఒకటి కాదు, రెండు. పార్శిల్ విప్పుతుంటే మా ఆవిడ వచ్చి "నెట్ బానే వస్తోంది కదా, మళ్లీ ఇదెందుకు?" అనడిగింది. ఇరవయ్యేళ్ల పైబడి సాఫ్టువేరులో ఉన్నవాణ్ణి, ఇలాంటి ప్రశ్నలకి జవాబు రెడీగా ఉంటుంది. "నెట్ కోసం కాదు, ఇంట్లో రెండు కంప్యూటర్ల మధ్య వేగం కోసం" అన్నా. "రెండింటికీ మధ్య ఉన్నవి పదిహేను మెట్లు. అంత తొందరేమొచ్చింది వాటికి?" అనేసి వంటింట్లోకి వెళ్లిపోయింది. అప్పటికి నవ్వేశా గానీ, ఆలోచిస్తే అసలు ప్రశ్న అదే.

ముందు కాస్త నేపథ్యం. మాది తిరువూరు. విజయవాడ నుంచి మైలవరం మీదుగా వస్తే తెలంగాణ సరిహద్దుకి కాస్త ముందు తగిలే ఊరు. మొన్నటిదాకా కృష్ణా జిల్లా, 2022 నుంచి ఎన్టీఆర్ జిల్లా. 2020 లాక్‌డౌనులో హైదరాబాదు నుంచి లాప్‌టాపు సంచీ తగిలించుకుని "ఓ రెండు వారాలు" అని వచ్చినవాణ్ణి, ఇక్కడే ఉండిపోయాను. కింద గదిలో నా పని కంప్యూటరు. మేడ మీద గదిలో ఓ ముసలి డెస్క్‌టాపు, దాంట్లో లైనక్సు, ఓ పెద్ద డిస్కు. ఇంటిల్లిపాది ఫొటోలూ వీడియోలూ దాంట్లోనే.

ఆ వీడియోల కథ చెప్పాలి. 2004లో మొదటిసారి ఆన్‌సైట్ వెళ్లినప్పుడు, అందరిలాగే నేనూ ఒక హ్యాండీక్యామ్ కొన్నా. చిన్న మినీ డీవీ క్యాసెట్లు వేసే రకం. సెలవుల్లో ఇంటికొచ్చినప్పుడల్లా కనపడిందల్లా తీసేవాణ్ణి. అక్క పెళ్లి, తాతయ్య షష్టిపూర్తి కథలు చెప్పడం, ఎండాకాలంలో అమ్మ ఆవకాయ కలపడం. మొత్తం 64 క్యాసెట్లు. 2016లో అమ్మ పోయింది. లాక్‌డౌనులో కూర్చుని ఆ క్యాసెట్లన్నీ ఒక్కొక్కటిగా ఫైర్‌వైర్ తీగతో డిస్కులోకి ఎక్కించా. డీవీ అంటే గంటకి దాదాపు 13 గిగాబైట్లు. ఫొటోలూ అవీ కలిపి వెరసి 1.4 టెరాబైట్లు తేలింది. పని పూర్తయిన రెండు నెలలకే హ్యాండీక్యామ్ శాశ్వతంగా కన్నుమూసింది. క్యాసెట్లకి బూజు పట్టడం ఎప్పుడో మొదలైంది. అంటే అమ్మ గొంతు ఈ భూమ్మీద ఉన్నది ఆ ఒక్క డిస్కులోనే.

ఇప్పుడు నా సిగ్గుమాలినతనం చూడండి. ఆఫీసులో ఎవరైనా కుర్రాడు డేటాని ఒకేచోట పెట్టి డిజైన్ పట్టుకొస్తే వాడికి అరగంట క్లాసు పీకుతా. "ఆ మెషీను పోతే ఏం చేస్తావ్?" అని మొహం మీదే అడుగుతా. అదే మనిషి ఇంట్లో నాలుగేళ్లు ఒకే కాపీతో నిశ్చింతగా నిద్రపోయాడు.

ప్రయత్నించలేదని కాదు. మొదట్లో ఓసారి మేడ మీది డిస్కుని కింద కంప్యూటరులోకి కాపీ పెట్టా. 34 గంటలు పడుతుందని చూపించింది. మా ఊళ్లో ఎండాకాలం సంగతి తెలిసిందేగా, సాయంత్రం గాలిదుమారం లేస్తే మామిడికాయలూ రాలతాయి, కరెంటూ పోతుంది. ఆ రోజూ అంతే. యూపీఎస్ ఇరవై నిమిషాలు కీచుకీచుమని అరిచి ఊరుకుంది. "ఆర్‌సింక్ వాడితే ఆగిన ఫైలు దగ్గర్నుంచి మళ్లీ మొదలవుతుంది కదా" అంటారు మీరు. అవుతుంది. "డిస్కు ఊడదీసి కిందికి తెచ్చి నేరుగా తగిలిస్తే ఒక పూటలో అయిపోతుంది కదా" అని కూడా అంటారు. అదీ నిజమే. ఈ రెండు సంగతులూ నాకు తెలుసు కాబట్టే, ఎప్పుడు కావాలంటే అప్పుడు చెయ్యొచ్చులే అని వాయిదా వేస్తూ పోయా. 34 గంటల పని ఏ ఆదివారంలోనూ పట్టదు. పట్టని పనిని మనం చెయ్యం, అంతే.

సరే, కార్డు సంగతికొద్దాం. నేను కొన్నది రెండున్నర గిగాబిట్లది. ఈ రెండున్నర లెక్కకి చిన్న చరిత్ర ఉంది. 1973లో జిరాక్స్ పార్క్‌లో ఈథర్‌నెట్ పుట్టినప్పుడు దాని వేగం సెకనుకు 2.94 మెగాబిట్లు. 1995లో 100 మెగాబిట్లు అయింది, 1999లో రాగి తీగ మీద గిగాబిట్ అయింది, 2006లో పది గిగాబిట్లు. ప్రతిసారీ పదింతలు. కానీ పది గిగాబిట్లు పూర్తిగా వంద మీటర్లు వెళ్లాలంటే మంచి తీగ కావాలి, గోడల్లో ఉన్న పాత క్యాట్ 5ఈ సరిపోదు. ఈలోగా వైఫై వేగం గిగాబిట్‌ని దాటిపోసాగింది. గోడలన్నీ పగలగొట్టి తీగలు మార్చే ఓపిక ఎవరికుంటుంది? అందుకని 2016లో ఓ మెట్టు దిగొచ్చి, పాత తీగ మీదే నడిచేలా రెండున్నర, అయిదు గిగాబిట్ల ప్రమాణాలు తెచ్చారు. పదికి అలవాటుపడ్డవాళ్లు పది సంవత్సరాల తర్వాత రెండున్నరకి దిగడం నాకు భలే నచ్చింది. ఉన్న ఇంట్లో సర్దుకోవడం అంటే అదే మరి.

మా ఇంట్లో మేడ కట్టిన 2013లోనే గోడ లోపల గొట్టంలోంచి పాతిక మీటర్ల క్యాట్ 5ఈ తీగ లాగించా. స్విచ్చుతో పని లేకుండా రెండు కంప్యూటర్లనీ ఆ తీగతో నేరుగా కలిపేద్దామనుకున్నా. మేడ మీది దానికి అంతర్జాలంతో పనేముంది కనక! రెండు కార్డులూ బిగించా. లైనక్సు ఏ పేచీ పెట్టకుండా గుర్తుపట్టింది. చేత్తో రెండు ఐపీ అడ్రసులిచ్చి, ఐపెర్ఫ్ నడిపి, కాలు మీద కాలేసుకుని కూర్చున్నా.

94 మెగాబిట్లు!

రెండువేల మూడొందలు రావాల్సిన చోట 94. ఇంకోసారి నడిపా. 94. ఈథ్‌టూల్‌ని అడిగితే "వేగం 100" అని నిర్మొహమాటంగా చెప్పింది. కార్డు దొంగ సరుకేమో అని కాసేపు అమ్మినవాణ్ణి తిట్టుకుని, పాత మదర్‌బోర్డులోని పోర్టుకి పెట్టి చూశా. అది గిగాబిట్ పోర్టు. అక్కడా 100. అప్పుడు వెలిగింది బుర్రలో బల్బు. ఇది నిన్నామొన్నటిది కాదు. ఈ తీగ మీద ఏనాడూ 100 దాటలేదు. ఆ 34 గంటలు ఎక్కడి నుంచి వచ్చాయో లెక్కేసుకోండి. 100 మెగాబిట్లంటే ఖర్చులు పోను సెకనుకు పదకొండున్నర మెగాబైట్లు. 1.4 టెరాబైట్లని దాంతో భాగిస్తే సరిగ్గా 34 గంటలు. ఇన్నేళ్లూ "ముసలి డెస్క్‌టాపు కదా, నెమ్మది" అని పాపం దాన్ని ఆడిపోసుకున్నా.

ఇంతకాలం ఎందుకు తెలియలేదంటే, బయటినుంచి వచ్చే నెట్ కూడా వందే కాబట్టి. 2017 డిసెంబరులో ఏపీ ఫైబర్‌నెట్ మొదలైనప్పుడు కరెంటు స్తంభాల మీదుగా ఫైబర్ లాగి, నెలకి 149 రూపాయలకి 15 మెగాబిట్లిస్తే అబ్బో అనుకున్నాం. ఆ తర్వాత మా ఇంట్లో ప్లాను పెరుగుతూ వచ్చి వంద దగ్గర ఆగింది. స్పీడ్ టెస్టులో వంద చూపిస్తుంటే ఇంటి లోపల ఇంకేదో అడ్డం ఉందని ఎవడికి అనుమానమొస్తుంది?

ఆదివారం స్క్రూడ్రైవరు పుచ్చుకుని మేడ మీద గోడకున్న సాకెట్టు విప్పా. నాలుగు జతల తీగల్లో నారింజ, ఆకుపచ్చ జతలు మాత్రమే సాకెట్టులో ఉన్నాయి. నీలం, గోధుమ రంగు జతలు పక్కకి తీసి టేపు చుట్టి ఉన్నాయి. 100 మెగాబిట్లకి రెండు జతలు చాలు, గిగాబిట్ నుంచి పైకి పోవాలంటే నాలుగు జతలూ కావాలి. లేకపోతే రెండు కార్డులూ మాట్లాడుకుని, "సరే, మనకింతే ప్రాప్తం" అని వందకి దిగిపోతాయి.

ఎవడురా ఈ పని చేసింది అని పళ్లు నూరుతుంటే, వెనకాలే వచ్చిన నాన్న అన్నారు. "నువ్వే కదరా చేయించావు. మీ అమ్మ ఫోను కోసం."

నిజమే. చేయించింది నేనే. అప్పట్లో నేను హైదరాబాదు నుంచి రోజూ సాయంత్రం ల్యాండ్‌లైనుకి ఫోన్ చేసేవాణ్ణి. ఆ టైముకి అమ్మ మేడ మీద ఒడియాలో, ఆరిన బట్టలో తీస్తూ ఉండేది. ఫోను మోగితే మోకాళ్ల నొప్పులతో ఆదరాబాదరా దిగొచ్చేది. అందుకని మేడ కట్టేటప్పుడు ఎలక్ట్రీషియన్‌తో నేనే చెప్పా: "నెట్‌కి రెండు జతలు చాలు, మిగతావి ఖాళీయేగా, నీలం జత ల్యాండ్‌లైనుకి ఇచ్చి పైన కూడా ఒక ఫోను పెట్టండి" అని. నా తెలివికి నేనే మురిసిపోయా కూడా. ఆ ల్యాండ్‌లైన్ 2017లో తీసేశాం. జతలు మాత్రం అలాగే టేపు చుట్టుకుని గోడలో ఉండిపోయాయి.

కాసేపు స్క్రూడ్రైవరు పట్టుకుని అలాగే కూర్చున్నా.

తర్వాత రెండు చివరలా పాతవి కోసేసి, వరస తప్పకుండా మళ్లీ బిగించా. నారింజ-తెలుపు, నారింజ, ఆకుపచ్చ-తెలుపు, నీలం, నీలం-తెలుపు, ఆకుపచ్చ, గోధుమ-తెలుపు, గోధుమ. అదృష్టం కొద్దీ అది అసలు రాగి తీగే. (మీరు కొనేటప్పుడు చూసుకోండి, అల్యూమినియానికి రాగి పూతేసి అమ్మేవి బోలెడున్నాయి.) ఈసారి ఐపెర్ఫ్ 2.35 గిగాబిట్లు అంది.

రాత్రి భోజనాలయ్యాక తొమ్మిదిన్నరకి కొత్త డిస్కులోకి కాపీ పెట్టా. సెకనుకు 160 మెగాబైట్లతో మొదలైంది. డిస్కు లోపలి చుట్లకి వెళ్లేకొద్దీ నెమ్మదిస్తూ, మధ్యలో ఒకచోట మరీ నత్తనడక నడిచి, ఒంటిగంటకల్లా అయిపోయింది. చివర్లో ఆర్‌సింక్ ఒక్క ఫైలు పేరు రాసి "చదవలేకపోయాను" అంది. స్మార్ట్ లెక్కలు తీస్తే డిస్కులో చెడిపోయిన సెక్టార్లు బయటపడ్డాయి. డిస్కు మూలమూలలా చదివించడం నాలుగేళ్లలో అదే మొదటిసారి మరి.

ఆ ఫైలు ఏమిటో మీరు ఊహించే ఉంటారు. ఆవకాయ క్యాసెట్టు.

డీడీరెస్క్యూతో సెక్టారు సెక్టారుగా బతిమాలితే రెండు గంటల్లో వంద కిలోబైట్ల లోపు తప్ప అంతా వచ్చింది. డీవీలో ఏ ఫ్రేముకి ఆ ఫ్రేము విడిగా ఉంటుంది, ఒక్కోటీ లక్షా ఇరవై వేల బైట్లు, సెకనుకు ముప్పై. కాబట్టి పోయింది నాలుగైదు ఫ్రేముల్లో కొన్ని ముక్కలు. అదే ఈ కాలపు కుదించిన వీడియో అయ్యుంటే, ఆ కాస్తకే కొన్ని సెకన్లు గల్లంతయ్యేవి. మూడు వారాల తర్వాత ఆ పాత డిస్కు టిక్కుటిక్కుమని కొట్టుకుని పూర్తిగా ఆగిపోయింది.

నిజం ఒప్పుకోవాలి. కార్డులు కొనక్కర్లేదు. మదర్‌బోర్డులో ఉన్న గిగాబిట్ పోర్టులే, నాలుగు జతలూ బిగించి ఉంటే, మూడున్నర గంటల్లో ఈ పని చేసేవి. కొత్త కార్డు దానికన్నా మిగిల్చేది అరగంటో, కాస్త ఎక్కువో. అంతకుమించి డిస్కే ఇవ్వలేదు. కార్డుకి పోసిన డబ్బు నిజానికి గోడ సాకెట్టు విప్పి చూసినందుకు పడ్డ ఖరీదు. అయినా 34 గంటలకీ మూడు గంటలకీ తేడా పదింతల వేగం మాత్రమే కాదు. ఒకటి ఎప్పటికీ జరగని పని, రెండోది రాత్రి భోజనానికీ తెల్లారడానికీ మధ్య జరిగిపోయే పని. ఇప్పుడది ప్రతి శనివారం రాత్రి దానంతటదే జరుగుతోంది, మారినవి మాత్రమే కాబట్టి నిమిషాల్లో. ఇంకో కాపీ హైదరాబాదులో అక్క వాళ్లింట్లో బీరువాలో ఉంది. మా ఆవిడ ప్రశ్నకి నా జవాబు ఇదన్నమాట. తొందర కంప్యూటర్లకి కాదు, డిస్కుకి. అది మన తీరిక చూసుకుని చావదు.

మీరూ ఈ రాత్రి రెండు పనులు చెయ్యండి. మీ లింకు వేగం ఎంతో ఒకసారి చూడండి. ఆ తర్వాత, మీ దగ్గర ఒకే ఒక్క కాపీగా ఉన్నదేమిటో గుర్తు చేసుకోండి.

మొన్న ఆదివారం నాన్నకి ఆ ఆవకాయ వీడియో పెట్టి చూపించా. అమ్మ జాడీలో నూనె పోస్తూ నా వైపు తిరిగి "ఆ కెమెరా అవతల పెట్టి ఈ గరిటె పట్టుకోరా" అంటుంది. సరిగ్గా అక్కడే మొహం మీద గళ్లు గళ్లుగా ఓ మెరుపు మెరిసి పోతుంది.

"ఏంట్రా ఆ గళ్లు?" అన్నారు నాన్న.

"అక్కడ కాస్త పాడైంది నాన్నా."

"పోన్లే, మాట వినపడింది" అన్నారు. మళ్లీ మొదట్నుంచి పెట్టమన్నారు.