గొడుగు వెంట గోదారి దాటి

ఖమ్మం మిర్చి యార్డులో అడుగుపెట్టగానే కళ్లు మండాయి, తుమ్ములు ఆగలేదు. మాది అనంతపురం. మార్కెట్టంటే మాకు వేరుశనక్కాయల మట్టివాసన. ఇక్కడ ఎటు చూసినా ఎర్రటి బస్తాలే. హమాలీలు ముక్కుకు తువ్వాలు చుట్టుకుని వాటి మధ్య ఉరుకుతున్నారు. మా సినిమా మొదటి షాట్ ఇక్కడే తీయాలి. ఇంకెక్కడో మొదలుపెట్టి తర్వాత ఇక్కడికి రావడానికి కుదరదు.

ఎందుకంటే మా సినిమాకు ఎడిటింగ్ అంతా క్యామెరాలోనే. ఫిల్మ్ కోర్సులో మాకిచ్చిన పని ఇది. పాత మినీ డీవీ హ్యాండీక్యామ్, ఒకే ఒక్క టేపు. బటన్ నొక్కితే షాట్, మళ్లీ నొక్కితే కట్. కథ ఏ వరసలో ఉందో ఆ వరసలోనే తీసుకుంటూ పోవాలి. తర్వాత కంప్యూటర్లో అతకడాలు, పాట కలపడాలు ఉండవు. లండన్‌లో 1999 నుంచి ‘స్ట్రెయిట్ ఎయిట్’ అనే పోటీ ఇదే పద్ధతిలో జరుగుతోంది. సినిమా అంతా ఒక్క సూపర్ ఎయిట్ ఫిల్మ్ రీలులోనే తీయాలి. అందులో పట్టేది మహా అయితే 3 నిమిషాల 20 సెకన్లు. తీసినవాళ్లు తమ సినిమాను మొదటిసారి ప్రేక్షకులతో కూర్చునే చూస్తారట.

మా కథలో ఒక నల్ల గొడుగు ఖమ్మంలో బయల్దేరి, చేతులు మారుతూ అడవిలో ఒక ఊరు చేరుతుంది. గొడుగు ఎటు పోతే మేమూ అటే.

రైల్లో వచ్చేవాళ్లకు ఒక మాట. ‘భద్రాచలం రోడ్’ అనే స్టేషన్ ఉన్నది కొత్తగూడెంలో. అక్కడ దిగాక భద్రాచలానికి ఇంకా నలభై కిలోమీటర్లు బస్సులో పోవాలి. మేం ఖమ్మం నుంచే బస్సెక్కాం. పాల్వంచ దాటి, సారపాకలో కాగితం మిల్లు దాటగానే గోదారి కనిపించింది. మా పెన్నలో నీళ్లొస్తే ఊరంతా చూడ్డానికి పోతాం. ఇక్కడ ఎండాకాలం, ఇసుక తిన్నెలు తేలాయి. అయినా నది కళ్లకు పట్టడం లేదు. భద్రాచలంలో 43 అడుగులకు మొదటి ప్రమాద హెచ్చరిక ఇస్తారు. 2022 జులైలో నీళ్లు 71 అడుగులు దాటాయి. ఆ ఎత్తు ఎక్కడికొస్తుందో వంతెన మీద నిలబడి ఊహించుకుంటే ఒళ్లు జలదరించింది.

మాకు ప్రాణమైన కట్ ఈ పాత వంతెన మీదే. ఖమ్మంలో హమాలీ అన్న గొడుగు విప్పి క్యామెరాకు అడ్డం పెట్టాడు. తెరంతా నలుపు, అక్కడ కట్. వంతెన మీద అదే నలుపుతో మొదలై, గొడుగు పక్కకు తొలిగితే గోదారి కనిపించాలి. గొడుగు నడిమి బుడిపె రెండు చోట్లా ఒకే చోట ఉంటేనే అతుకు తెలియదు. అందుకని క్యామెరా తెర మీద బుడిపె ఉన్నచోట స్టిక్కర్ బొట్టు అంటించాం. మీరూ ప్రయత్నించండి, భలే పనికొస్తుంది. ఈ వంతెన 1965లో ప్రారంభమైంది. కొడాక్ వాళ్లు సూపర్ ఎయిట్ తెచ్చిందీ ఆ ఏడాదే! తెలిసినప్పటి నుంచి ఈ వంతెన మీద నాకు ప్రేమ పెరిగింది.

బాపుగారి ‘అందాల రాముడు’ (1973) పడవ వచ్చింది కూడా ఈ భద్రాచలానికే. ఆయన షాట్లన్నీ ముందే బొమ్మలు గీసుకునేవారు. మేమూ నోట్‌బుక్కులో గళ్లు గీసుకుని వచ్చాం.

గుడి దగ్గర పులిహోర తిని దుమ్ముగూడెం దారి పట్టాం. కాస్త దూరం పోగానే పంచాయతీ బోర్డు మీద ఆంధ్రప్రదేశ్ అని ఉంది. ఇంకాస్త పోతే మళ్లీ తెలంగాణ. 2014లో భద్రాచలం చుట్టూ ఉన్న ఎటపాక, పురుషోత్తపట్నం లాంటి ఐదు పంచాయతీలు ఆంధ్రలోకి వెళ్లాయి. “అన్నా, ఇప్పుడు మేం ఎక్కడున్నాం?” అని ఒక సైకిలాయన్ని అడిగాను. “రోడ్డు మీదున్నవ్ తమ్మీ, నడువు,” అన్నాడు.

పర్ణశాల దాటి అడవిలోకి మళ్లాక దారి తప్పాం. మా వైపు ఎంత దూరాన ఉన్న గుట్టయినా గుర్తు పట్టి నడవొచ్చు. ఇక్కడ అన్ని బాటలూ ఒక్కలాగే ఉన్నాయి. తునికాకు కోసుకొస్తున్న ఆడవాళ్లు మమ్మల్ని వెంటబెట్టుకుని వాళ్ల కోయగూడేనికి తీసుకుపోయారు. నీడన కూర్చోబెట్టి అంబలి పోశారు. ఆకుల్ని యాభై చొప్పున కట్టలు కడుతూనే మాతో మాట్లాడారు. చేతులు ఎక్కడా ఆగలేదు. ఎండిన ఇప్పపూలు పెట్టారు. తీపి సరే, ఆ వాసన వేళ్లను రాత్రిదాకా వదల్లేదు.

చివరి షాట్‌లో ఒక అవ్వ గొడుగు తీసుకుని ఇంట్లోకి పోవాలి. మా గళ్లలో ఉన్నది అంతే. అవ్వ గొడుగు విప్పింది, అటూ ఇటూ తిప్పి చూసింది, బోర్లా తిరగేసి ఎండలో పెట్టింది. చాటలోని ఇప్పపూలు అందులో పోసి చేత్తో పరిచింది. కింద మట్టి అంటదు, మేకొస్తే ఎత్తి లోపల పెట్టుకోవచ్చు. నేను బటన్ మీద వేలు పెట్టలేదు. టేపు తిరుగుతూనే ఉంది.

ఈ పద్ధతిలో నాకు బాగా నచ్చింది ఆ తర్వాతిదే. చివరి కట్ పడిందంటే సినిమా తయారైపోయినట్టే. టేపు మొదటికి తిప్పి, క్యామెరా చిన్న తెర మీద అక్కడే, అవ్వ గుమ్మంలో చూపించాం. హమాలీ అన్న తుమ్మితే పిల్లలు పకపకా నవ్వారు. అవ్వ మాత్రం తన షాట్ రాగానే, “ఇగో, ఇక్కడ పూలు సరిగ పరవలే బిడ్డా,” అని తెర మీద వేలు పెట్టి చూపించింది.

మీరు వెళ్తే ఏప్రిల్‌లో వెళ్లండి, ఇప్పపూలూ తునికాకూ రెండూ చూస్తారు. అదనంగా బ్యాటరీలు పట్టుకెళ్లండి. గూడెంలో ఎవరూ ఒక్కసారి చూసి ఊరుకోరు.