తాళం పడిన ఖాతా



'పాస్‌వర్డ్' అన్న మాటకు సంకేతపదమనీ, రహస్యపదమనీ మనవాళ్ళు తెలుగులు చెప్పారు. రెండూ మంచి మాటలే. అయితే ఆ పదం ఫలించనప్పుడు కలిగే అవస్థకు ఇంకా ఎవరూ పేరు పెట్టినట్లు లేదు. "మీ ఖాతాకు తాళం పడినది, నిర్వాహకుని సంప్రదించుడు" అనే అర్థం గల ఆంగ్లవాక్యం తెరమీద వెలసినప్పుడు మనిషి ముఖంలో పొడసూపే భావం ఏ రసానికి చెందుతుందో ఆలంకారికులు చెప్పలేదు. కొంత రౌద్రం, అధికభాగం కరుణం అని నా అనుభవం.

పదవీ విరమణానంతరం ఒక కార్యాలయంలో కొంతకాలం ప్రూఫులు దిద్దే పని చేశాను. అక్కడ లెక్కల విభాగంలో ఒక సోదరి ఉండేవారు. కాగితపు లెడ్జర్ల కాలం నుండి పనిచేస్తున్నవారు; ఆమె వేసిన కూడికలో తప్పు పట్టినవారు లేరు. ఒక వేసవిలో ఆమె ఖాతాకు ప్రతిదినమూ తాళం పడసాగింది. ఉదయం తీయించుకుంటే మధ్యాహ్నానికి మళ్ళీ మూత. నెలాఖరు బిల్లులు నిలిచిపోయాయి. అధికారి నలుగురి ఎదుట, "ఈ వయసులో గుర్తుండదు లెండి, ఎక్కడైనా రాసిపెట్టుకోండి" అన్నారు. ఆమె బదులు పలకలేదు. మరునాడు భోజనవేళ మాత్రం నాతో, "మాస్టారూ, మా అమ్మకు చివరి రోజుల్లో మతిమరుపు వచ్చింది. నాకూ మొదలైందేమోనండీ" అన్నారు. ఆ మాట విన్నాక నాకు ముద్ద దిగలేదు.

రెండు రోజులకు కంప్యూటర్ల విభాగం నుండి ఒక కుర్రవాడు వచ్చాడు. అంతకుముందు వచ్చినవారు తాళం తీసి వెళ్ళినవారే. వేసినదెవరని అడిగినవారు కారు. ఇతడు అడిగాడు, అదీ ఆమెను కాదు, చిట్టాను. ఇటువంటి నెట్‌వర్కులలో అందరినీ గుర్తుపట్టే ఒక కేంద్ర యంత్రం ఉంటుంది, దానిని డొమైన్ కంట్రోలర్ అంటారట. విండోస్ పద్ధతిలో ఖాతాకు తాళం పడినప్పుడల్లా అది తన భద్రతా చిట్టాలో 4740 అనే సంఖ్యతో ఒక పద్దు రాస్తుంది. ఏ కంప్యూటరు కారణంగా తాళం పడిందో ఆ పేరు కూడా అందులో ఉంటుంది.

ఆ పేరు ఆమె బల్లమీది కంప్యూటరుది కాదు, కింది అంతస్తులోనిది. ఆమె సెలవులో ఉండగా సీటు పైకి మార్చారు. ఆఫీసు ఆదేశం ప్రకారం ఆమె తెరకు తాళం వేసి వెళ్ళిన పాత కంప్యూటరును ఇంకొకరు తమ పేరుతో తెరిచి వాడుకుంటున్నారు. ఆ తెర వెనుక ఆమె పేరిట పని ఇంకా నడుస్తూనే ఉంది. గడువు ప్రకారం ఆమె సంకేతపదం మార్చుకున్నారు. కింది యంత్రానికి ఆ సంగతి తెలియదు. అది పాత పదాన్నే పట్టుకుని ఉమ్మడి ఫైళ్ళ తలుపు తడుతూ ఉంది. ఐదు తప్పులు దాటగానే తాళం.

అతడు లేచి, అందరికీ వినిపించేలా, "మేడం, మీ పొరపాటు ఏమీ లేదండీ" అన్నాడు. ఆమె ఆ పద్దును అచ్చు తీయించుకుని సొరుగులో దాచుకున్నారు. అధికారి ఏమీ అనలేదు.

శకుంతల కథలోనూ అంతే కదా. గుర్తుపట్టవలసినవాడినే శాపం మరపించింది. తలవంచుకున్నది మాత్రం ఆమె.

ఈ తాళం అనవసరమని నేననను. పరుల సంకేతపదాన్ని ఊహించి ఊహించి కొట్టే దొంగలకు అదొక అడ్డుకట్ట. కానీ లెక్కించే యంత్రానికి దొంగ ఊహకూ, మరచిపోయిన యంత్రపు మూర్ఖపు పట్టుదలకూ భేదం తెలియదు. ఆ భేదం తెలుసుకోవలసినది మనిషి.

1960ల మొదట్లో అమెరికాలోని ఎమ్.ఐ.టి.లో ఒకే కంప్యూటరును పలువురు పంచుకోవలసి వచ్చినప్పుడు, ఎవరి ఫైళ్ళు వారికి దక్కడానికి కోర్బాటో బృందం సంకేతపదాలను వాడింది. గడువు పెట్టి వాటిని మార్పించడం తరువాత వచ్చిన ఆచారం. పదం బయటపడిందన్న ఆధారం లేనిదే ఊరక మార్పించవద్దని అమెరికా ప్రమాణాల సంస్థ నిస్ట్ 2017లో సూచించింది. మైక్రోసాఫ్ట్ కూడా 2019లో తన విండోస్ భద్రతా సిఫారసులలోనుండి ఆ నియమాన్ని తీసివేసింది. అయినా ఆచారం అంత తొందరగా పోతుందా!

మీకెవరికైనా ఈ గతి పడితే, ఆ కుర్రవాడు చెప్పినవి చెబుతాను. సంకేతపదం మార్చిన తరువాత చరవాణిలోని ఆఫీసు మెయిలులో పాతది ఉండిపోయిందేమో చూడాలి. కంప్యూటరు దాచుకున్న పాత పదాలనూ, వేళకు తమంతట తాము నడిచే పనులనూ, మూయకుండా వదిలిన దూరపు సెషన్లనూ వెదకాలి. మన తెలుగు రాతగాళ్ళకు ప్రత్యేకంగా మరొకటి: కీబోర్డు తెలుగులో ఉండిపోతే మీరు కొట్టే అక్షరం ఒకటి, లోనికి పోయేది వేరొకటి. అన్నీ చుక్కలుగానే కనిపిస్తాయి కనుక కంటికి తెలియదు. తెర మూలనున్న భాష గుర్తు చూసుకుని మరీ కొట్టండి.

అన్నిటికన్నా ముందు, తాళం పడినవారిని "మరిచిపోయారా?" అని అడగకండి. "ఎక్కడి నుండి పడింది?" అని చిట్టాను అడగండి. మొదటి ప్రశ్నతో ఒక మనిషి తన బుద్ధినే అనుమానించుకోవచ్చు. రెండవదానితో ఆ అనుమానం తీరవచ్చు.