పచ్చ లైటు ముచ్చట

చాయ్ వచ్చేలోపు ఒక ముచ్చట చెప్త, వినండి. మొన్న ఎండకాలం పాలమూరుల ఒక కాలేజీ సర్వర్ చూడమంటే నల్లగొండ నుంచి పోయిన. "అంత మంచిగనే ఉన్నది సార్, జర నిదానంగ నడుస్తున్నది, గంతే" అన్నడు ల్యాబ్ చూసే తమ్ముడు. డిస్కుల లైట్లన్నీ పచ్చగనే వెలుగుతున్నయి మరి.

నాకు ఆ ఊరి పెద్ద మర్రిచెట్టు, పిల్లలమర్రి యాదికొచ్చింది. ఆ మర్రి గూడ పైకి పచ్చగనే ఉండె, లోపట చెద తింటుండె. కొమ్మలు విరిగి పడ్డయి. 2018ల క్లోర్‌పైరిఫాస్ మందు నీళ్లల్ల కలిపి, సెలైన్ సీసాలు కట్టి, బొట్టు బొట్టు ఎక్కించిన్రు.

చెట్టుకు లేని సౌలతు డిస్కుకున్నది. తన జబ్బు తానే రాసిపెట్టుకుంటది. ఆ రాతను స్మార్ట్ అంటరు. దాన్ని చదివేటందుకు స్మార్ట్‌మాన్‌టూల్స్ ఉన్నది, పైస ఖర్చు లేదు. 2002ల బ్రూస్ అలెన్ అనే భౌతిక శాస్త్రవేత్త మొదలుపెట్టిండు. గురుత్వ తరంగాలు వెతికే మనిషి, వందల కంప్యూటర్లను ఒక్కచోట నడిపినాయన. డిస్కు పోతే ఎంత కష్టమో ఆయనకు తెలుసు.

ఎక్కించుడు ఒక్క కమాండు పని. అసలు చిక్కు అటెన్కనే వచ్చింది. అడిగితే డిస్కుల సంగతే చెప్పలే. ఎందుకంటే నడుమ రెయిడ్ కార్డు ఉన్నది. డిస్కులన్నిటినీ తన ఎన్క దాచి, సిస్టంకు ఒక్కటే డిస్కు లెక్క చూపెడతది. ఆ కార్డు రకం మెగారెయిడ్ అని చెప్పి, సున్నా, ఒకటి, రెండు అనుకుంట ఒక్కొక్కదాన్ని నంబరు పెట్టి పిలవాలె. చానమంది ఇక్కడనే ఆగిపోతరు. అట్ల ఆగితే ఎక్కించినా ఎక్కించనట్టే.

మూడో డిస్కు దగ్గర నా చెయ్యి ఆగింది. 5వ నంబరు వరుసల మార్చుకున్న సెక్టార్లు, 197ల చదవరాక పక్కకు పెట్టినవి. రెండూ సున్నా ఉండాలె, లేవు. ఆ డిస్కుల మీద పిల్లల మార్కులున్నయి, స్కాలర్‌షిప్ కాయిదాలున్నయి. ముందుగాల బ్యాకప్ తీసుకున్నం, అటెన్క డిస్కు మార్చినం. కొత్తది నిండేటప్పుడు మిగిలిన డిస్కులన్నిటినీ మొదటి నుంచి చివరిదాంక చదవాలె. గప్పుడు ఇంకొకటి కూలితే, బ్యాకప్ లేకుంటే చేతికి ఏం మిగలకపోవచ్చు.

ఒక్క మాట గట్టిగ చెప్పాలె. 2007ల గూగుల్ వాళ్లు లక్షకు పైగా డిస్కుల లెక్క తీసిన్రు. స్కాన్‌ల తప్పు ఒకసారి బయటపడ్డ డిస్కు, తప్పులేనిదాని కంటే, 60 రోజులల్ల పోయే అవకాశం 39 రెట్లు ఎక్కువ. అయితే పోయిన డిస్కులల్ల సగానికి పైగా స్మార్ట్‌ల ముఖ్యమైన నాలుగు గుర్తులల్ల ఒక్కటి గూడ చూపకుంటనే పోయినయి. అందుకే లెక్క చదివినంక గూడ బ్యాకప్ మానొద్దు.

వచ్చేముందు ప్రతి ఆదివారం రాత్రి పెద్ద పరీక్ష నడిచేటట్టు, తేడా వస్తే మెయిల్ పోయేటట్టు పెట్టిన. ఎవ్వరూ తెరువని ఆఫీసు డబ్బాకు పోతే ఏం ఫాయిదా? తమ్ముని సొంత మెయిల్ రాసి, పరీక్ష కోసం ఒకటి పంపిన. అతని జేబుల ఫోన్ మోగినంకనే బస్టాండుకు నడిచిన.