తొడమీద తాళం

22 ఫిబ్రవరి 2025, శనివారం
శ్రీనగర్ కాలనీ

మాఘమాసం ముహూర్తాలు. నిగమాగమం ఫంక్షన్ హాలు వైపు నుంచి బ్యాండుమేళం ఆగిందనుకునేలోపు అపార్ట్‌మెంట్ బోరు మోటారు అందుకుంది. కండెన్సర్ మైకు అన్నీ వింటుంది: మోటారు, పక్కింటి కుక్కరు, వాచ్‌మన్ ఫోన్లో యూట్యూబు. దాన్ని డబ్బాలో పెట్టేసి ఎస్‌ఎమ్ 58 తీశాను. 1966లో వచ్చిన మైకు, ఇప్పటికీ ఏ స్టేజీ మీద చూసినా అదే. పెదవులకు ఆనించినట్టు పెట్టుకుని పాడితే గది గోల చాలావరకు వెనక్కి పోతుంది. తారస్థాయిలో ఆ మెరుపు రాదు, నిజమే. మెరుపే కావాలంటే అన్నపూర్ణ స్టూడియోస్ దగ్గర్లోనే ఉంది, గంటల లెక్కన కట్టే స్తోమతే లేదు. చీరల బీరువా తలుపులు బార్లా తెరిచి, వెనక బొంత వేలాడదీసి పాడాను. పట్టుచీరలు ముట్టుకోనివ్వని అమ్మ, వాటికి పాట వినిపిస్తానంటే ఏమీ అనలేదు.

1 మార్చి, శనివారం

డాలస్ నుంచి, నా పాటకి మృదంగం వాయించేవాడి ఫోన్. "ఏరా, వీడియో కాల్లో కలిసి వాయిద్దామా?" ఇంజనీరయ్యుండి అడగాల్సిన మాటేనా! ఇక్కడికీ అక్కడికీ సుమారు పధ్నాలుగు వేల కిలోమీటర్లు. ఫైబర్ తీగలో కాంతి వేగం సెకనుకు రెండు లక్షల కిలోమీటర్లు. తిన్నగా తీగ లాగినా నా షడ్జమం వాణ్ణి చేరేసరికి 70 మిల్లీసెకన్లు, దానికి వాడి దెబ్బ తిరిగొచ్చేసరికి 140. నెట్‌లో తిన్నని దారులుండవు గనక ఇంకా ఎక్కువే. కచేరీలో మృదంగం మూడు మీటర్ల అవతల ఉంటే ఆలస్యం తొమ్మిది మిల్లీసెకన్లే. ముప్ఫై దాటితే ఒకరికోసం ఒకరు ఆగుతూ పోతారు, కాలం జారిపోతుంది.

కాబట్టి ముందొకరు, వెనకొకరు. సినిమావాళ్ళు ఎప్పుడో ఒప్పేసుకున్న పద్ధతే. మద్రాసు రోజుల్లో ఘంటసాల, సుశీల యుగళగీతమంటే ఆర్కెస్ట్రాతో సహా అందరూ ఒకేసారి. ఒక్క వయొలిన్ తప్పినా మళ్ళీ మొదటికి. ట్రాకులొచ్చాక ఎవరి వీలునిబట్టి వాళ్ళొచ్చి పాడిపోతున్నారు. 2020 లాక్‌డౌన్లో కోటి చేసిన కరోనా పాటలో చిరంజీవి, నాగార్జున, వరుణ్ తేజ్, సాయి ధరమ్ తేజ్ ఎవరిళ్ళలో వాళ్ళుండే కనిపించారు.

10 మార్చి, సోమవారం

నిన్న అమెరికాలో గడియారాలు గంట ముందుకు జరిపారు. మాకు కలిసొచ్చింది. మోటారూ కుక్కరూ లేవకముందు నేను తెల్లవారి అయిదింటికి కూర్చుంటే వాడికి ముందురోజు సాయంత్రం అయిదున్నర, ఆఫీసులోనే ఉండేవాడు. ఇకమీద ఆరున్నర. ఇల్లు చేరి ఉంటాడు.

తాళం పట్టే క్లిక్ గొడవ మాత్రం తెమల్లేదు. సాఫ్ట్‌వేర్ తెరవగానే నాలుగు దెబ్బల లెక్క. మా పాట మిశ్రచాపు. ఏడుకు మార్చి, ఒకటో దెబ్బా నాలుగో దెబ్బా గట్టిగా పెట్టాను: తకిట తకధిమి. లెక్క కుదిరింది, పాట బిగుసుకుపోయింది. చరణం చివర నేను కాస్త నిలబడతాను, క్లిక్ నిలబడదు. వాడు విని, "ఆ టిక్కుటిక్కు తీసెయ్‌రా. నువ్వు తొడమీద వేసే తాళం పంపు" అన్నాడు. పాడుతూ వేసిన దెబ్బల్ని వేరే ట్రాకులో పట్టి పంపాను. మర్నాడనుకుంటే సాయంత్రానికే మృదంగం వచ్చేసింది. ప్రాణంతో ఉంది.

19 మార్చి, బుధవారం

అయినా ఏదో వెలితి. రాత్రంతా అదే ఆలోచన. కచేరీలో నేను సాగదీస్తే వాడు చూసి తగ్గుతాడు, వాడో మోహరా వేస్తే నేను ఎత్తుగడ మార్చుకుంటాను. ఫైళ్ళలో అది ఒకవైపే నడుస్తుంది. వాడు నా పాట విని వాయించాడు. నేను పాడేనాటికి వాడి మృదంగం లేదు, దాని సంగతే నా గొంతుకి తెలీదు. ముందు రికార్డు చేసినవాడిదే పాట. వెనకొచ్చినవాడు ఎంత గొప్పగా వాయించినా సర్దుకున్నవాడే.

అందుకని ఇవాళ నా గొంతు మ్యూట్ చేసి, వాడి మృదంగమొక్కటే చెవుల్లో పెట్టుకుని కొత్తగా పాడాను. అనుపల్లవి చివర వాడు వేసిన చిన్న ముక్తాయింపు నన్ను ఒక అక్షరం ఆపింది. ఆ ఆగిన చోట, ఇదివరకు లేని సంగతొకటి పడింది. పంపితే, "అయితే నేనిప్పుడు మళ్ళీ వాయించాలి" అని మృదంగం ముందు కూర్చున్నాడు. వాడి దెబ్బకి నేను, నా గొంతుకి వాడు. దీనికి అంతుండదు, ఎక్కడో ఆపాలి. కానీ స్టూడియోలో మీటరు తిరుగుతుంటే ఈ వెసులుబాటు ఎవరిస్తారు? ఇంట్లో రికార్డింగంటే డబ్బు మిగులుతుందని అందరూ అంటారు. నాకు మిగిలింది ఇది.

29 మార్చి, శనివారం

రేపు ఉగాది. చివరి ఫైళ్ళు డ్రైవ్‌లో పెట్టాం. 24 బిట్, 48 కిలోహెర్ట్జ్. నిమిషానికి ఎనిమిదిన్నర ఎంబీ పైచిలుకు, నాలుగు నిమిషాల గొంతుకే దాదాపు 35. మిక్సింగులో పేచీ: గొంతు పెంచమని వాడు, మృదంగం పెంచుతానని నేను. వాడే నెగ్గాడు.

తర్వాతి పాటకి వాడు ముందు. ఖండచాపులో మృదంగమొక్కటే పంపాడు. రాగం చెప్పలేదు, సాహిత్యం లేదు. "నీకేది తోస్తే అది" అని రాశాడు. హిందోళం అనుకుంటున్నాను. కాదంటే శుద్ధసావేరి.