అంచు పని

జూన్ 8, 2025, ఆదివారం

మేనకోడలు హాస్టల్ నుంచి వచ్చింది. బల్ల మీద సగం కుట్టిన పర్సు చూసి, "మామయ్యా, ఈసారి నాక్కూడా నేర్పాల్సిందే" అని పట్టుబట్టింది. ఫోన్లో ఓ పనిముట్ల సెట్టు చూపించింది. పెట్టెడు సామాను. అందులో చాలావాటితో మొదటి ఏడాది పనే పడదు. వద్దన్నాను.

దానికి రాసిచ్చిన చీటీ ఇక్కడ కూడా రాసి పెట్టుకుంటున్నా: మంచి కత్తి, స్టీలు స్కేలు, కంపాస్ బాక్సులో ఉండే డివైడర్, వరసగా కన్నాలు వేసే నాలుగు పళ్ళ ఉలి (పళ్ళ మధ్య దూరం 4 మి.మీ.), రెండు పళ్ళది ఇంకోటి మూలల కోసం, మొన మొద్దుగా ఉన్న సూదులు రెండు, మైనం పట్టించిన పాలియెస్టర్ దారం 0.6 మి.మీ., కొయ్య సుత్తి, కన్నం పొడిచే ఆరె ఒకటి. ఉలి మీద ఇనుప సుత్తి వాడితే తల నలుగుతుంది, దెబ్బ కూడా తుళ్ళుతుంది. కొయ్యదో ప్లాస్టిక్‌దో అయితే దెబ్బ నిండుగా దిగుతుంది.

వీటన్నిటికంటే ముందు సిద్ధం చేసుకోవాల్సింది పదును పెట్టుకునే పట్టీ. చెక్క ముక్క మీద తోలు ముక్కను లోపలి వైపు పైకి వచ్చేలా అంటించి, ఆకుపచ్చ క్రోమియం ఆక్సైడ్ ముద్ద రుద్దితే అదే పట్టీ. కత్తిని ఎప్పుడూ వెనక్కే లాగాలి. ముందుకు నెడితే పట్టీ కోసుకుపోతుంది. పని మొదలుపెట్టే ముందు కొన్ని లాగుళ్ళు, మధ్యలో కోత బరువెక్కిందనిపిస్తే మరికొన్ని. మొద్దు కత్తి తోలును కోయదు, సాగదీస్తుంది. వంకర కోతకు చాలాసార్లు కారణం అదే.

జూన్ 14, శనివారం

తోలు కొనడానికి ఇద్దరం వెళ్ళాం. అంగట్లో అన్నీ "ఒరిజినల్ లెదరే". ఒరిజినల్ అయితే చాలదు, దేంతో శుద్ధి చేశారో తెలియాలి. క్రోమియం లవణాలతో చేసినది మెత్తగా ఉంటుంది, నీళ్ళకు ఓర్చుకుంటుంది, రోజుల్లో తయారవుతుంది. బూట్లకూ హ్యాండ్‌బ్యాగులకూ అదే ఎక్కువ. చెట్టు బెరడుతో, కాయలతో ఊనిన, అంటే శుద్ధి చేసిన, తోలుకు వారాలు పడుతుంది. బిర్రుగా ఉంటుంది, తడిపితే చెప్పిన ఆకారానికి వస్తుంది, అంచు రుద్దితే మెరుస్తుంది. నేర్చుకునే చేతికి ఇదే తగినది.

గుర్తుపట్టడం కష్టం కాదు. పనికిరాని మూల మీద ఒక నీటి చుక్క వేయాలి. బెరడు తోలైతే చుక్కను తాగి అక్కడ నల్లబడుతుంది, ఆరాక మామూలవుతుంది. కోసిన అంచు కూడా చూడాలి. క్రోమ్ తోళ్ళలో చాలావాటికి నడిమి పొర నీలిబూడిద రంగులో కనబడుతుంది. రెండూ మేనకోడలు చేతే చేయించాను. కొట్టతను ఏమీ అనుకోలేదు, పైగా అడుగు నుంచి ఇంకో మంచి తోలు తీశాడు.

చెన్నై పెరియమేట్ నుంచి వచ్చిన సరుకట. తమిళనాడులో ఈ.ఐ. (ఈస్ట్ ఇండియా) తోలు అని పేరున్నది ఇదే తీరు. దానికి భౌగోళిక గుర్తింపు కూడా ఉంది. పాత పద్ధతిలో తంగేడు చెక్కతో ఊని చివర్లో కరక్కాయ పెట్టేవాళ్ళు. ఇప్పుడు వాటిల్ చెక్క సారం ఎక్కువ వాడుతున్నారు. తంగేడు అనగానే మేనకోడలికి బతుకమ్మే గుర్తొచ్చింది. ఆ చెట్టు బెరడే ఒకప్పుడు మన ఊళ్ళలో తోళ్ళను నిలబెట్టిందని చెప్తే కళ్ళింత చేసుకుని విన్నది.

మందం: పర్సు లోపలి అరలకు 1 మి.మీ., పైభాగానికి 1.2 నుంచి 1.5, బెల్టుకు 3.5 నుంచి 4. వీపు భాగం గట్టిది. పొట్ట భాగం సాగుతుంది, దాన్ని అడుగుకో ప్రయోగానికో వాడుకోవాలి.

జూన్ 22, ఆదివారం

చౌరస్తాలో చెప్పులు కుట్టే పెద్దాయన దగ్గర కూర్చున్నాం. వాన రాలేదు, గిరాకీ కూడా పెద్దగా లేదు. నా ఆరెను చేతిలోకి తీసుకుని మొన గోటి మీద ఆనించి చూశాడు. "సారూ, దీనికి పదును లేదు. గిట్లుంటే తోలు చినుగుతది గని కన్నం పడది" అని తన రాయి మీద నాలుగు పక్కలా తిప్పి నూరి ఇచ్చాడు. ఆయన ఆరెకు కొసన కొక్కెం ఉంటుంది. పైనుంచి దింపుతాడు, కింద ఎడమ చెయ్యి దారాన్ని కొక్కేనికి తగిలిస్తుంది, పైకి వచ్చిన మెలికలోంచి రెండో కొస దూర్చి రెండు వైపులా లాగుతాడు. కింద ఏం జరుగుతోందో ఆ చెయ్యి ఒక్కసారీ చూసుకోదు. రంపె కత్తి పట్టి చెప్పు అట్ట అంచు చెక్కుతుంటే పొర ఉల్లిపొరలా లేచింది. మేము పనిముట్ల కొట్లో కొన్న కత్తికి ఆ కోత ఇంకా రాలేదు.

పెద్దాయన చిన్నప్పుడు వాళ్ళ నాయన లంద (నానబెట్టే తొట్టి) దగ్గర తోళ్ళు ఊనేవాడట. సున్నంలో నానబెట్టి వెంట్రుక తీయడం, తంగేడు చెక్క దంచడం, రోజుల తరబడి తిరగేయడం. మోట బొక్కెన, ఎడ్ల పగ్గం, రైతు చెప్పు, ఊరి డప్పు అన్నీ ఆ చేతుల మీదుగానే వెళ్ళాయి. ఆ చేతులున్న మాదిగ కుటుంబాలను ఊరు మాత్రం బయటే ఉంచింది. నేను బ్యాంకు పని అయ్యాక సంతోషం కోసం చేసుకుంటున్న పని ఇది. నన్నెవరూ దూరం పెట్టలేదు, పైగా మెచ్చుకుంటున్నారు. ఈ తేడా నాకు బాధ కలిగిస్తుంది. మేనకోడలితో కూడా ఇదే మాట అన్నాను: ఈ పనిలోకి వచ్చేవాళ్ళు ఇది ముందు తెలుసుకుని రావాలి.

ఆయన దగ్గర నేర్చుకునే గంటకు కూలి ఇస్తున్నాం. మొదట వద్దన్నాడు. "బ్యాంకుల మీరు ఊకెనే చేస్తరా?" అని మేనకోడలు అంతకుముందు నన్నడిగిన మాటే ఆయనకూ చెప్పింది. నవ్వి తీసుకున్నాడు.

జూలై 5, శనివారం

కుట్టు రోజు. ఒకే దారం, రెండు కొసలకూ రెండు సూదులు. ప్రతి కన్నంలోంచీ రెండూ ఎదురెదురుగా వెళ్ళాలి. మిషన్ కుట్టులో పై దారం, కింది దారం మధ్యలో మెలికపడి నిలుస్తాయి. ఒకటి తెగితే వరస వదులవుతూ పోతుంది. ఇందులో ఒకచోట తెగినా రెండో దారం పట్టుకుని ఉంటుంది. గుర్రపు జీనులు కుట్టినవాళ్ళు దీన్ని నమ్ముకున్నది అందుకే.

కుట్టాల్సిన పొడవుకు నాలుగింతల దారం. తోలు మందమైతే ఇంకొంచెం. డివైడర్‌తో అంచుకు 3 మి.మీ. లోపల గీత, ఉలి నిలువుగా పట్టి దెబ్బ, ఉలి మొదటి పన్ను ముందటి చివరి కన్నంలోనే పెట్టి తర్వాతి దెబ్బ. అలా అయితేనే దూరం చెడదు.

అందం వచ్చేది వరస తప్పకపోవడంలో. మొదటి కన్నంలో ఎటు సూది ముందు దూర్చామో చివరి దాకా అదే ముందు. రెండో సూది మొదటి దారానికి ఒకే పక్క నుంచి పోవాలి. దూర్చేటప్పుడు మొదటి దారాన్ని కొంచెం లాగి పట్టుకుంటే సూది దాన్ని గుచ్చదు. బిగింపు ప్రతిసారీ ఒకటే. మేనకోడలి కుట్లు మొదటి జానెడులో తలో దిక్కు చూస్తున్నాయి, రెండో జానెడులో ఏటవాలుగా ఒక వరసకు వచ్చాయి. అది చూసి నాకే కడుపు నిండింది. చివర్న రెండు మూడు కన్నాలు వెనక్కి కుట్టి, దారం కోసి, కొసను లైటర్‌తో కొద్దిగా కరిగించి అదమాలి. నార దారమైతే కరగదు, జిగురు చుక్క పెట్టాలి.

జూలై 20, ఆదివారం

అంచులు. మొత్తం పనిలో నాకు ప్రాణమైన భాగం. ఎవరి చేతి పనైనా చూపిస్తే నేను ముందు బొమ్మలూ రంగూ చూడను, పక్కకు తిప్పి అంచు చూస్తాను. పొరలు విడివిడిగా కనబడుతున్నాయా, ఒకే పలకలా కలిసిపోయాయా? ఓపిక ఎంతసేపు నిలిచిందో అక్కడే తెలుస్తుంది.

జిగురు పూర్తిగా ఆరాక 220 నంబరు ఎమరీ కాగితంతో పొరలన్నీ ఒక మట్టానికి తేవాలి. తర్వాత రెండు పక్కలా కోణం తీసే పనిముట్టు. ఆపైన 400, 600. రంగు వేయాలంటే ఇక్కడే వేయాలి, రుద్దాక పట్టదు. ఇప్పుడు తడి. వేలితో అద్దినంత నీరు చాలు. నానితే అంచు ఉబ్బి పుట్టగొడుగులా పక్కలకు పడుతుంది. నీటికి బదులు సీఎంసీ (కార్బాక్సీ మిథైల్ సెల్యులోజ్) పొడి కలిపిన పల్చని జిగురు అయితే ఇంకా మేలు.

తర్వాత గాడి ఉన్న కర్రతో, కర్ర లేకపోతే పాత జీన్స్ ముక్కతో రుద్దాలి. బలం వద్దు, వేగం కావాలి. వేడి పుట్టాక పీచంతా పడుకుంటుంది. చెయ్యి కింద మార్పు తెలుస్తుంది: గరగరమన్నది కాస్తా ఒక్కసారి జారడం మొదలవుతుంది, అంచు ముదురు రంగుకు తిరుగుతుంది. అక్కడ ఆపి, ఆరనిచ్చి, మళ్ళీ 600, మళ్ళీ తడి, మళ్ళీ రాపిడి. చివర్న తేనెమైనం గీసి గుడ్డతో వేడెక్కేదాకా. సన్నని తోలు వంగిపోతుంటే రెండు చెక్కల మధ్య బిగించి అంచు మాత్రమే బయటికి ఉంచాలి. క్రోమ్ తోలు మాత్రం ఇంత చేసినా మెరవదు; దానికి అంచు పెయింటే దారి, పల్చటి పూతలుగా, పూతకూ పూతకూ మధ్య ఎమరీ పెట్టి.

మేనకోడలు కార్డుల పర్సు అంచును మధ్యాహ్నమంతా రుద్దింది. భోజనానికి పిలిచినా లేవలేదు.

ఆగస్టు 2, శనివారం

తడిపిన తోలు మీద రాత్రి ఇనుప కత్తెర వదిలేసి మేనకోడలు నిద్రపోయింది. పొద్దున్నకు కత్తెర ఆకారంలో నీలినల్ల మచ్చ. ఏడుపు మొహం పెట్టింది. బెరడుతో ఊనిన తోలులో టానిన్ ఉంటుంది, ఇనుము తగిలితే నల్లబడుతుంది. శ్రీకాళహస్తి కలంకారీలో నలుపు వచ్చేది ఇదే చర్యతో. గుడ్డను కరక్కాయ, పాలలో నానబెట్టి, ఇనుము వేసి పులియబెట్టిన బెల్లం నీళ్ళతో గీస్తే గీత నల్లగా తేలుతుంది. తోలుపనివాళ్ళు వినెగర్‌లో ఇనుప పీచు నానబెట్టి దీన్నే నల్లరంగుగా వాడుకుంటారు. రంగు పైన కూర్చోదు, తోలులోనే పుడుతుంది, కాబట్టి చేతికి అంటదు.

మచ్చ మీద నిమ్మరసం అద్దాం. చాలావరకు పోయింది. నిమ్మరసం తర్వాత మంచినీళ్ళతో తుడవడం తప్పనిసరి.

ఆగస్టు 17, ఆదివారం

వారమంతా ముసురు. కవర్లో పెట్టిన తోలుకు బూజు వచ్చింది. ప్లాస్టిక్‌లో ఎప్పుడూ దాచకూడదు. పాత నూలు చీరలో చుట్టి, గాలి ఆడే అరలో పెట్టాలి. బూజును బయటికి తీసుకెళ్ళి పొడి గుడ్డతో దులిపి, నీళ్ళు కలిపిన వినెగర్ గుడ్డతో తుడిచి, నీడలో ఆరబెట్టాం.

పర్సుకు రంగు. స్పిరిట్ రంగు, ఉన్ని ముక్కతో గుండ్రంగా, పల్చగా. ఒక్కసారే ముంచి పూస్తే చారలు మిగులుతాయి. మర్నాటిదాకా ఆరనిచ్చి, తెల్లగుడ్డకు రంగు అంటడం ఆగేవరకూ తుడవాలి. చాలామంది వదిలేసేది ఈ తుడుపే, ఆ రంగంతా చొక్కా జేబుకు చేరుతుంది. ఆపైన నీట్స్‌ఫుట్ నూనె, గుడ్డతో ఒక పల్చటి చెయ్యి. ఎక్కువైతే తోలు సోలిపోతుంది, తీసేయడానికి దారి లేదు. నూనె ఇంకాక మైనం పాలిష్. నీరు బాగా తగిలే వస్తువైతే యాక్రిలిక్ పూత, సగానికి సగం నీళ్ళు కలిపి.

తర్వాత బెల్టు, మేనకోడలి నాన్నకు. వీపు పొడవునా 35 మి.మీ. పట్టీ తీయాలి. కొలత ప్యాంటు సైజును బట్టి కాదు. ఆయన పాత బెల్టు తెప్పించి బకిల్ మడత దగ్గర నుంచి అరిగిన కన్నం దాకా కొలవాలి, అది నడిమి కన్నం అవ్వాలి, అటు రెండు ఇటు రెండు, అంగుళం ఎడంతో. బకిల్ దగ్గర మడత లోపల సగం మందం చెక్కెయ్యాలి, లేకపోతే ముద్దలా నిలబడుతుంది. ఆ చెక్కుడు పెద్దాయన రంపెతో చూపిస్తానన్నాడు. శనివారం పొద్దున తొమ్మిదికి రమ్మన్నాడు, కూలి మాట్లాడుకున్నాం.