అరటిదొప్ప నుండి ఆకాశనౌక వరకు

కోనసీమలో వైనతేయ గోదావరి యొడ్డున అప్పనపల్లి యను గ్రామము కలదు. బాలబాలాజీ కోవెల వలన ఆ యూరి పేరు ఆంధ్రదేశమంతటను వినబడుచున్నది. ధవళేశ్వరమునకు దిగువను గోదావరి గౌతమి, వసిష్ఠ యను రెండు పెద్ద పాయలుగా చీలును. గన్నవరము కడ వసిష్ఠ నుండి విడివడిన పాయయే వైనతేయ. వినతాసుతుడైన గరుత్మంతుని పేరు ఈ నదికి వచ్చినది. ఆకసమున నెగురు వాహనము పేరు నేలపై పారు నీటికి కలుగుట చక్కని విశేషము.

కార్తికమాసము ముగిసిన మరునాడు పోలిపాడ్యమి. ఆనాటి వేకువను గోదావరి రేవులలో స్త్రీలు అరటిదొప్పలలో వత్తులు వెలిగించి నీటిపై విడుతురు. దొప్ప మునుగదు. అరటిబోదె పొరలలో చిన్న చిన్న గాలిగదులు వరుసగా నుండుటయే దానికి కారణము. నౌకను నిర్మించుటకు వలసిన మొదటి పాఠము ఆ దొప్పలోనే యున్నది.

ఆ దినమున చెప్పుకొను కథ యందరికిని తెలిసినదే. పోలి యొక యింటి చిన్నకోడలు. అత్తగారు తక్కిన కోడండ్రను వెంటబెట్టుకొని నదీస్నానమునకు పోవును. పోలిని మాత్రము ఇంటిపనికి నిలుపును. ఆమె పత్తిచెట్టు క్రింద రాలిన పత్తిని ఏరి వత్తిచేసి, కవ్వమునకంటిన వెన్నను దానికి పూసి, దీపము వెలిగించి, ఎవరికంటను పడకుండ దానిపై బుట్ట బోర్లించును. తుదకు స్వర్గమునుండి విమానము పోలి కొరకే దిగివచ్చును. ఇది వ్రతకథ, చరిత్ర కాదు. దీనిని బట్టి పూర్వులు విమానములను నడపిరని వాదించుట తగదు. కాని చేతికందిన కొద్దిపాటి వస్తువులతో వెలుగును సిద్ధము చేసికొన్నవారికి ఆకాశమార్గము తెరచుకొనునను భావము మాత్రము ఎంతయు విలువ గలది.

ఇటువంటి భావమే జపాను దేశమున మరియొక రూపము దాల్చినది. అచ్చట కదలు బొమ్మల చిత్రములను యానిమే యందురు. 1974వ సంవత్సరము అక్టోబరు 6వ తేదీన ‘అంతరిక్ష యుద్ధనౌక యమాతో’ యను యానిమే టెలివిజనులో ఆరంభమైనది. నిషిజాకి యోషినోబు దానికి నిర్మాత. చిత్రకారుడు మత్సుమోతో లేజీ (1938–2023) దానికి రూపకల్పన చేసి, దర్శకత్వమును కూడ వహించెను. 26 భాగములు గల ఆ కథ 1975 మార్చి 30న ముగిసినది. మొదట దానిని చూచినవారు తక్కువ. 1977లో ఆ భాగములను కూర్చి చలనచిత్రముగా విడుదల చేసినప్పుడు మాత్రము యువజనులు బారులు తీరిరి.

ఆ నౌక పేరు వెనుక ఒక విషాదము కలదు. యమాతో యనునది నిజముగా నుండిన యుద్ధనౌక. దాని పొడవు 263 మీటర్లు. 46 సెంటీమీటర్ల నోరు గల ఫిరంగులు 9 దానిపై నుండెను. అంత పెద్ద ఫిరంగులను మరే దేశపు యుద్ధనౌకయు మోయలేదు. 1945 ఏప్రిల్ 7న ఒకినావాకు పోవుచుండగా అమెరికా విమానములు దానిని ముంచివైచెను. సుమారు 3,000 మంది నావికులు దానితో పాటు సముద్రగర్భమున కలిసిపోయిరి. ఆ నౌకను నిర్మించిన కురే పట్టణమున 2005లో తెరచిన ప్రదర్శనశాలలో దాని నమూనా యొకటి కలదు. అది అసలు నౌకలో పదియవవంతు, అనగా 26.3 మీటర్ల పొడవు గలది.

యానిమే కథ 2199వ సంవత్సరమున జరుగును. గమిలాస్ గ్రహమువారు భూమిపై విసరిన బాంబుల వలన సముద్రములు ఎండిపోవును. విషకిరణములు భూమిలోనికి దిగిపోవును. మానవజాతికి మిగిలినది ఒక్క సంవత్సరమే. అప్పుడు ఎండిన సముద్రపు నేలపై పడియున్న పాత యమాతో కళేబరమున రహస్యముగా నొక ఆకాశనౌకను నిర్మింతురు. 1,48,000 కాంతిసంవత్సరముల దూరమున నున్న ఇస్కాందార్ గ్రహమునకు పోయి, భూమిని శుద్ధిచేయు యంత్రమును తెచ్చుటయే దాని పని. ప్రతి భాగము చివరను, భూమికి ఇంక నిన్ని దినములే మిగిలినవని తెరపై కనబడును. పసివారు ఆ లెక్కను చూచి ఊపిరి బిగబట్టెడివారు. చంపుటకై పుట్టి మునిగిన నౌక, బ్రతికించుటకై లేచుటయే ఆ కథకు ప్రాణము.

తెరపై చూచిన నౌకను చేతులతో నిర్మింపవలెనను కోరిక పిల్లలకు కలిగినది. బందాయ్ మొదలగు సంస్థలు ప్లాస్టిక్కు నమూనాలను తయారుచేసినవి. పాలీస్టైరీన్ అను పదార్థమును కరగించి, ఉక్కు అచ్చులలోనికి మిక్కిలి ఒత్తిడితో పంపుదురు. చల్లారిన పిదప నౌక భాగములన్నియు ఒక చట్రమునకు అంటుకొని, కొమ్మకు కాయలవలె వ్రేలాడుచు వెలువడును. కొన్నవాడు ఒక్కొక్క భాగమును కత్తిరించి, అంచులను గరుకుకాగితముతో నునుపుచేసి, వరుస తప్పక అతుకవలెను. ఆ జిగురు సామాన్యమైన జిగురు కాదు. అది రెండు అంచులను కొంచెము కరగించి ఒకటిగా కలుపును. దాని ఆవిరి శరీరమునకు మంచిది కాదు. కావున కిటికీలు తెరచి పని చేయవలెను.

నౌక నిలిచిన తరువాత అసలు విద్య యారంభమగును. అదియే దీపములు పెట్టుట. పూర్వము గింజలంత చిన్న తీగబల్బులను వాడెడివారు. అవి వేడెక్కును. పాలీస్టైరీన్ 100 డిగ్రీల దరిదాపులలోనే మెత్తబడును. కావున దీపము దగ్గరగా నున్న నౌక వంగిపోవు ప్రమాదముండెను. ఎల్ ఇ డి దీపములు వచ్చిన పిమ్మట ఆ భయము చాలవరకు తొలగినది. ఎరుపు, ఆకుపచ్చ రంగుల దీపములు ముందే యున్నవి. నీలికాంతి మాత్రము చాలకాలము శాస్త్రజ్ఞులకు లొంగలేదు. అకసాకి ఇసాము, అమానో హిరోషి, నకమురా షూజీ అను ముగ్గురు దానిని సాధించిరి. 2014లో భౌతికశాస్త్రమున నోబెల్ బహుమానము వారికి లభించినది. నీలికాంతిపై పసుపుపచ్చని పూత చేరినప్పుడు తెల్లని వెలుగు కలుగును. నేడు ఇంటింట వెలుగు తెల్లని దీపము ఆ కృషికి ఫలము.

ఈ చిన్న దీపమునకు విద్యుత్తును ఇచ్చుటలో లెక్క తప్పరాదు. తెల్లని దీపమునకు సుమారు 3 వోల్టులు చాలును. బ్యాటరీ 9 వోల్టులు గలదైనచో, మిగిలిన 6 వోల్టులను ఒక నిరోధకము మోయవలెను. దీపము గుండ పారవలసిన ప్రవాహము 0.02 ఆంపియర్లు. 6ను 0.02చే భాగించిన 300 వచ్చును. కావున 300 ఓములకు తగ్గని నిరోధకమును జతచేయవలెను. దానిని మరచినవాని దీపము ఒక్క క్షణము మిక్కిలి ప్రకాశించి, తరువాత ఎన్నడును వెలుగదు.

నౌకకు వందలకొలది కిటికీలుండును. ఒక్కొక్కదానికి ఒక్కొక్క దీపము పెట్టుట సాధ్యము కాదు. అందులకు కాంతితంతువులు తోడ్పడును. అవి వెండ్రుకవంటి పారదర్శకమైన పోగులు. ఒక కొనను ప్రవేశించిన వెలుగు లోగోడలపై మరల మరల పరావర్తనము చెంది రెండవ కొనకు చేరును. ఈ శాస్త్రమునకు దారితీసిన వారిలో పంజాబులోని మోగాలో పుట్టిన నరీందర్ సింగ్ కపానీ (1926–2020) ఒకడు. ఆయన 1954లో హెరాల్డ్ హాప్కిన్సుతో కలిసి, తంతువుల కట్ట ద్వారా బింబమును పంపవచ్చునని ప్రకటించెను. వైద్యుడు రోగి కడుపులోనికి చూచుటకును, దేశదేశముల మాటలు సముద్రముల అడుగున పోవుటకును, బొమ్మనౌక కిటికీ వెలుగుటకును మూలమైన సూత్రము ఒక్కటే.

ఈ పనిలో అన్నిటికంటె కష్టమైనది వెలుగును నింపుట కాదు. దానిని అదుపున నుంచుట. ప్లాస్టిక్కు పలుచనిది. లోపల దీపము వెలిగింపగనే నౌక యొడలంతయు లాంతరువలె మెరయును. అప్పుడది నౌకగా కనబడదు. అందుచేత నేర్పరి లోపలి గోడలకు మొదట నల్లరంగు పూసి, వెలుగు వెలికి పోకుండ కట్టడిచేయును. దానిపై తెల్లరంగు పూసి, ఆ వెలుగు లోపలనే చెదరి వ్యాపించునట్లు చేయును. అతుకులలోని సందులను పూడ్చును. చీకటి సరిగా నున్నచోటనే కిటికీ వెలుగు అందగించును.

ప్రమాణమును గూడ మరువరాదు. 2012లో ఈ కథను క్రొత్తగా చిత్రించినప్పుడు నౌక పొడవును 333 మీటర్లుగా నిర్ణయించిరి. దానిని వేయవవంతుగా చేసిన నమూనా 33 సెంటీమీటర్లుండును. అందులో నిలువెత్తు మనుష్యుడు రెండు మిల్లీమీటర్లకు కూడ రాడు. అర మిల్లీమీటరు రంధ్రము చేసిన, అది అసలు నౌకలో 50 సెంటీమీటర్ల కిటికీ యగును. తొందరపడి రెండు మిల్లీమీటర్ల రంధ్రము చేసినచో, ఆ కిటికీ మనిషికంటె ఎత్తైనదగును. మహానౌక యంతయు ఆటవస్తువుగా మారిపోవును. ఒక్క రంధ్రము నౌక గొప్పతనమును నిలుపగలదు, చెరుపగలదు.

ఈ ఓర్పు కోనసీమకు క్రొత్త కాదు. సంక్రాంతి దినములలో అచ్చటి గ్రామములవారు ప్రభలను కట్టుదురు. వెదురుబద్దలను వంచి, బిగించి, రంగురంగుల వస్త్రములతో అలంకరించి, కనుమనాడు జగ్గన్నతోటకు భుజములపై మోసికొని పోవుదురు. పదునొకండు గ్రామముల రుద్రులు అచ్చట కలిసికొందురని జనుల విశ్వాసము. దారిలో పంటచేలు, కౌశికా ప్రవాహము అడ్డువచ్చును. బద్ద యొక్కటి సరిగా బిగియనిచో నడినీటిలో ప్రభ ఒరిగిపోవును. 2023 జనవరి 26న ఢిల్లీలో జరిగిన గణతంత్ర దినోత్సవ ఊరేగింపున ఆంధ్రప్రదేశ్ శకటముపై ఈ ప్రభల తీర్థమునే ప్రదర్శించిరి. షిజుఒకాలో బొమ్మనౌకను అచ్చువేయువాడును, కోనసీమలో వెదురును వంచువాడును ఒకే నియమమునకు కట్టుబడినవారు. కొలత సరిపడవలెను, అతుకు నిలువవలెను.

బొమ్మలతో కాలమును వ్యర్థపుచ్చుట యేల యని పెద్దలు కొందరు అడుగుదురు. యుద్ధనౌకను అందముగా చేసి మేజాపై నుంచుట యుద్ధమును మెచ్చుకొనుట కాదా యని మరికొందరు అడుగుదురు. రెండవ ప్రశ్న మిక్కిలి బరువైనది. దానికి ఆ కథయే సమాధానము చెప్పుచున్నది. కథానాయకుడైన కొదాయ్ తన భూమిని కాపాడుకొనుటకై పోరాడి, గమిలాస్ గ్రహమును నేలమట్టము చేయును. శత్రునగరము బూడిదగా మారిన పిదప అతనికి జయోత్సాహము కలుగదు. తాము చేయవలసినది పోరు కాదని, ఒకరినొకరు ప్రేమించుటయే యని అతడు కన్నీరు కార్చును. గెలిచినవాడు ఏడ్చిన కథ యది. దానిని ఎరిగి నౌకను నిర్మించువాడు ముందున్న ఫిరంగిని మాత్రమే వెలిగింపడు. లోపల మనుష్యులున్నారని తెలుపు చిన్న కిటికీలను కూడ వెలిగించును. కిటికీ లేని నౌక ఆయుధము. కిటికీ వెలిగిన నౌక ఇల్లు.

మొదటి ప్రశ్నకు సమాధానము చేతులలో నున్నది. లెక్క, కాంతిశాస్త్రము, విద్యుచ్ఛాస్త్రము, రంగుల కలయిక, అన్నిటికంటె మించిన ఓర్పు ఒక్క బొమ్మలో ఇమిడియున్నవి. ఖరీదైన పెట్టె దొరకలేదని అప్పనపల్లి బాలుడు గాని బాలిక గాని చిన్నబోవలసిన పని లేదు. పాత అట్టపెట్టెలు, వెదురుపుల్లలు, కొబ్బరిచిప్పలు, ఒక చిన్న దీపము, ఒక నిరోధకము, ఒక బ్యాటరీ ఉన్న చాలును. పోలికి దొరకినది రాలిన పత్తియు, కవ్వమునకంటిన వెన్నయు మాత్రమే గదా!

అయితే ఒక్క మాట గుర్తుంచుకొనవలెను. అరటిదొప్ప నీటిలో కొన్నాళ్లకు కుళ్లి మన్నులో కలియును; పాలీస్టైరీన్ అట్లు కలియదు. వైనతేయలో విడిచిన ప్లాస్టిక్కు ముక్క సముద్రమును చేరి, ముక్కలై, చేపల కడుపున పడును. భూమిని కాపాడుటకై బయలుదేరిన నౌక బొమ్మ భూమికి విషము కారాదు. దానిని ఇంట భద్రపరుపవలెను. విరిగినచో దాని భాగములను మరియొక నౌకకు వాడుకొనవలెను.

నిపుణులు పాటించు నియమమొకటి కలదు. నౌక రెండు అర్ధభాగములను అతుకుటకు ముందు లోని దీపములన్నిటిని వెలిగించి చూతురు. వెలుగనిదానిని అప్పుడే సరిచేయుదురు. ఒకమారు జిగురు ఆరిన తరువాత పగులగొట్టినగాని లోపలికి దారి లేదు. చదువుకొను వయసు కూడ అట్టిదే. లోపలి దీపములను పరీక్షించి సరిచేసికొనుటకు అది అనువైన కాలము.